పాత స్పోర్ట్స్ కారు బటన్లకు జిగట ఎందుకు పడుతుంది?

మీరు నెల్లూరులో సెకండ్‌హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొన్నారు, బటన్లు, డోర్ హ్యాండిళ్లు బంకలా వేళ్లకు అంటుకుంటున్నాయి, సీటు అంచు అరిగింది, వీటిని మార్చేయాలా అని అడిగారు. తొందరపడకండి.

ఆ జిగట మురికి కాదు. మెత్తగా తగలాలని ప్లాస్టిక్ మీద పూసిన పాలియురెథేన్ (ఒక రకం ప్లాస్టిక్ పూత) పొర అది. గాలిలోని తేమ, వేడి కలిసి దాని రసాయన బంధాలను తెంచుతాయి. నలభై డిగ్రీలు దాటే ఎండా, సముద్రపు తేమా రెండూ ఉన్న మన ఊళ్లో ఇక చెప్పాలా! సబ్బునీళ్లతో ఎంత రుద్దినా పోదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో (శుభ్రం చేయడానికి వాడే ఒక స్పిరిట్) తడిపిన గుడ్డతో ఓపిగ్గా తుడిస్తే పొర మొత్తం ఊడి, కింద గట్టి ప్లాస్టిక్ బయటపడుతుంది. మొదట కంటికి కనిపించని మూలలో పరీక్షించండి. బటన్ల మీది గుర్తులు చెరిగిపోవచ్చు, ఫోటో తీసుకోండి. థిన్నర్, అసిటోన్ మాత్రం వద్దు, ప్లాస్టిక్కే కరుగుతుంది. తర్వాత కావాలంటే మ్యాట్ పెయింట్ కొట్టించుకోవచ్చు.

ఈ పని కోసం బటన్ల చుట్టూ ఉండే ప్యానెళ్లు ఊడదీయడానికి స్క్రూడ్రైవర్ వాడితే గీతలు ఖాయం, ప్యానెళ్లు ఊడదీసే ప్లాస్టిక్ పనిముట్లే వాడండి. ఎయిర్‌బ్యాగ్ దగ్గర పనైతే మెకానిక్‌కే వదిలేయండి.

సీటు తోలు రంగు మాత్రమే పోతే శుభ్రం చేసి లెదర్ రంగు వేయిస్తే చాలు. చిరిగితే సీట్లు కుట్టే షాపులో ఆ ముక్కే మార్పించండి.