అప్పులుంటే అమెరికాలో సెక్యూరిటీ క్లియరెన్స్ రాదా?

అప్పులు ఉన్నంత మాత్రాన అమెరికా ప్రభుత్వం సెక్యూరిటీ క్లియరెన్స్ (ప్రభుత్వ రహస్య సమాచారం చూసేందుకు ఇచ్చే అనుమతి) నిరాకరించదు. అప్పు ఎందుకు అయింది, తీర్చడానికి ఏం చేశారు అన్నది చూస్తుంది. 2017 నుంచి అమలులో ఉన్న మార్గదర్శకాల్లో ‘ఎఫ్’ విభాగం పూర్తిగా ఆర్థిక విషయాలదే: అప్పుల్లో కూరుకుపోయినవారు డబ్బు కోసం తప్పుదారి పట్టవచ్చని, తీర్చే శక్తి ఉండీ తీర్చనివారు రహస్యాల విషయంలోనూ నియమాలను లెక్కచేయకపోవచ్చని దాని ఆంతర్యం. ఉదాహరణకు, ఉద్యోగం పోయి ఆసుపత్రి బిల్లు పేరుకుపోయినా, వాయిదాలు కుదుర్చుకుని నెలనెలా కడుతూ ఆ రసీదులు చూపగలిగితే, అది దరఖాస్తుదారుకు అనుకూలాంశమే. జూదంలో పోగొట్టుకున్నవారికి, పన్ను రిటర్నులే దాఖలు చేయనివారికి ఆ వెసులుబాటు అంత తేలిగ్గా దొరకదు. దివాలా తీస్తే ఇక అంతే సంగతులని చాలామంది భయపడతారు, అది పొరపాటు. ఎస్‌ఎఫ్-86 అనే క్లియరెన్స్ దరఖాస్తు గత 7 ఏళ్ల దివాలా, ఎగవేతల వివరాలు అడుగుతుంది. అక్కడ కావాలని దాచిపెట్టడం అప్పు కన్నా ఎక్కువ నష్టం చేస్తుంది.