బంగారం కింద ఏముందో చూడబోయే బుజ్జికి

చి. బుజ్జికి, పెద్దమ్మ ఆశీస్సులు.

సిలికాన్ మీది బంగారు పొర కింద ఏముందో ఎస్టీఎంతో, అదే, సూదిమొనతో ఉపరితలాన్ని చదివే స్కానింగ్ టనెలింగ్ మైక్రోస్కోపుతో, చూడబోతున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ పిచ్చే దీనికీ అంటుకుంది అక్కా" అని తిట్టింది కూడా. గర్వంగానే ఉంది, కానీ రాత్రంతా నిద్ర పట్టలేదు.

1988లో కైజర్, బెల్ అనే శాస్త్రవేత్తలు చూపించిన బీమ్ (BEEM) పద్ధతే కదా నీదీ, సూదిమొన వదిలిన ఎలక్ట్రాన్లలో ఎన్ని బంగారం దాటి సిలికాన్‌లోకి దిగాయో కొలవడం. ఆ సూదిమొనను, అదే టిప్‌ను, శుభ్రంగా ఉంచుకో. పొర పది నానోమీటర్ల దగ్గర ఆపు, మందం పెరిగేకొద్దీ కిందికి చేరే ఎలక్ట్రాన్లు తగ్గిపోతాయి. ఇవన్నీ మీ సారు చెప్తారు.

నేను చేసిన తప్పు మాత్రం ఎవరూ చెప్పరు. టిప్ నుంచి నానోఆంపియర్ పంపితే, బంగారానికీ సిలికాన్‌కీ మధ్య ఉన్న 0.8 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గోడ దాటి సిలికాన్‌లోకి దిగేది పికోఆంపియర్లలోనే (నానోలో వెయ్యో వంతు). అలాంటి కరెంటు మొదటిసారి కనిపించినప్పుడు ల్యాబంతా స్వీట్లు పంచాను. టిప్ ఎక్కడికి జరిపినా అంతే కరెంటు. ఇంటర్‌ఫేస్, అంటే ఆ రెండూ కలిసే చోటు, ఎంత చక్కగా, ఒకేలా కుదిరిందో అని మురిసిపోయాను! మూడు వారాలు నోట్‌బుక్ నింపాను. ఓ సాయంత్రం అటెండరు వచ్చి ట్యూబ్‌లైట్ ఆర్పాడు. నా సిగ్నలూ ఆరిపోయింది.

పరికరం కిటికీకి వెలుగు పడకుండా కట్టిన నల్లగుడ్డ ఓ మూల చిరిగి ఉంది. బంగారం, సిలికాన్ కలిస్తే డయోడే కదా, వెలుగు పడితే కరెంటు ఇస్తుంది. టిప్ వెనక్కి లాగి ఒక్కసారి చూసుంటే మొదటి రోజే తెలిసేది. చూడలేదు. చూడాలనిపించలేదు, అదీ అసలు సంగతి. నువ్వు రోజూ టిప్ లాగి చూడు, లైటు ఆర్పి చూడు. బయాస్, అంటే టిప్‌కి ఇచ్చే వోల్టేజీ, 0.8 వోల్టుల లోపు ఉన్నా కరెంటు వస్తోందంటే స్వీట్లు కొనకు.

ఇక హెచ్‌ఎఫ్, అదే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం. సిలికాన్ మీది ఆక్సైడ్ తీయడానికి అది వాడక తప్పదు, నా గుబులంతా దాంతోనే. నా పక్క టేబుల్ అమ్మాయి గ్లవ్‌కి సూదిమొనంత చిల్లు. పగలంతా ఏమీ అనిపించలేదు, రాత్రికి వేలు పట్టుకుని ఏడ్చింది. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ సీసా ముట్టుకున్నావో, ఊరుకోను. చుక్క పడినా నొప్పి కోసం ఎదురుచూడకు. నీళ్ల కింద పెట్టు, కాల్షియం గ్లూకోనేట్ జెల్ రాయి, వెంటనే ఆసుపత్రికి వెళ్లు. చిన్నప్పుడు దీపావళికి చెయ్యి కాల్చుకుని, అమ్మ కొడుతుందని నా కొంగులో దాచుకున్నావు. ఇక్కడ అలా దాచకు తల్లీ.

మీ ల్యాబ్‌లో జెల్ ట్యూబ్ ఫోటో తీసి పంపు, ఎక్స్‌పైరీ తేదీ కనిపించేలా.

నీ పెద్దమ్మ