విశాఖ నుంచి లంబసింగి దాకా: సైకిలు మీద ఒక వారం సెలవుకు తగిన దారి

హైదరాబాదు నుంచి నలుగురు మిత్రులు గేర్ల సైకిళ్లతో బయలుదేరుతున్నామని, రోజుకు అరవై డెబ్బై కిలోమీటర్లు తొక్కే అలవాటుందని, జనవరిలో వారం రోజుల సెలవుకు తెలుగు నేల మీదే కనులపండువైన తారు రోడ్డు ఏదైనా చెప్పమని అడిగారు. సైకిళ్లను కారెక్కించి నేరుగా అరకు చేరుకుని, అక్కడే చుట్టుపక్కల తొక్కడం మేలా అనే సందేహం కూడా వెలిబుచ్చారు. నేను విశాఖపట్నంలో ఉంటాను. చలికాలం వస్తే ఈ కొండదారుల్లో సైకిలు తొక్కడం నాకు అలవాటు. ఆ అనుభవంతో చెబుతున్నాను: అరకు తప్పక వెళ్లండి, కాని అరకును గమ్యంగా పెట్టుకోకండి. విశాఖలో మొదలుపెట్టి భీమిలి, విజయనగరం, శృంగవరపుకోటల మీదుగా అనంతగిరి ఘాటు రోడ్డు ఎక్కి, అరకు, పాడేరు దాటి, లంబసింగి నుంచి నర్సీపట్నం దిగండి. మొత్తం 300 కిలోమీటర్లకు అటూ ఇటూగా వస్తుంది.

విశాఖ నుంచి శృంగవరపుకోటకు పెందుర్తి, కొత్తవలస మీదుగా వెళ్లే దారి దగ్గరే అయినా, లారీల మధ్య, దుమ్ములో తొక్కవలసి ఉంటుంది కాబట్టి దాన్ని వదిలేయండి. తెల్లవారుజామున బీచి రోడ్డు పట్టుకుని రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బల పక్కగా భీమిలి చేరితే ముప్పై కిలోమీటర్ల లోపే ఉంటుంది, ఎండ ముదరకముందే అయిపోతుంది. భీమిలిలో డచ్చివారి సమాధులను చూడడానికి అరగంట చాలు. దానికన్నా గోస్తని నది సముద్రంలో కలిసేచోట కాసేపు ఆగమని చెబుతాను, ఎందుకంటే మీ ప్రయాణంలో మొదటి సగం ఆ నదికి ఎదురు నడకే. విజయనగరం దాటాక తాటిపూడి జలాశయం దగ్గర అదే నది కనిపిస్తుంది, పైన బొర్రా గుహల్లోనూ అదే నది పారుతుంది, అది పుట్టినది అనంతగిరి కొండల్లోనే. కారులో వెళ్లేవారికి ఇవి మూడు వేర్వేరు చూడదగ్గ స్థలాలు. సముద్రమట్టం నుంచి సొంత కాళ్లతో ఎక్కివచ్చినవారికి మాత్రం ఒక నదిని చివరి నుంచి మొదటిదాకా చూసిన తృప్తి దక్కుతుంది. కారులో సైకిళ్లు పైకి తీసుకువెళ్లవద్దని నేను అనడానికి ముఖ్యమైన కారణం ఇదే.

మొదటి రాత్రి శృంగవరపుకోటలో పడుకోండి. స్థానికులు ఎస్.కోట అనే ఈ ఊళ్లో బస ఆడంబరంగా ఉండదు గాని, మరునాడు చల్లని పూటే ఘాటు మొదలుపెట్టాలంటే ఇంతకంటే అనువైన చోటు లేదు. బొడ్డవర దాటగానే ఎక్కుడు మొదలవుతుంది. త్యడ, డముకు, అనంతగిరి, గాలికొండ, సుంకరిమెట్ట వరుసగా వస్తాయి. కొత్తవారు సాధారణంగా అరకు ఎత్తు 900 మీటర్ల పైచిలుకేనని చూసుకుని, అంతవరకు ఎక్కితే సరిపోతుందని లెక్క వేసుకుంటారు. కాని రోడ్డు గాలికొండ దగ్గర అంతకన్నా బాగా పైకి పోయి, తరువాత అరకులోయలోకి దిగుతుంది. పక్కకొండల మీదుగా పోయే కొత్తవలస–కిరండూల్ రైలు మార్గంలోని శిమిలిగుడ స్టేషను బోర్డు మీదే సముద్రమట్టానికి 996 మీటర్లని రాసి ఉంటుంది, రోడ్డు ఆ రైలుపట్టాలకన్నా పైన వెళుతుంది. కాబట్టి ఒక్కరోజులో అరకు చేరాలనే పట్టుదల వదిలిపెట్టి, అనంతగిరిలో ఆగిపోండి. రాష్ట్ర పర్యాటక శాఖవారి హరిత అతిథిగృహం అక్కడ ఉంది, జనవరిలో గదులు ముందే నిండిపోతాయి గనుక ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. బొర్రా గుహలకు దారి ఆ దగ్గర్లోనే చీలుతుంది. అది కిందికి దిగే దారి, దిగినదంతా తిరిగి ఎక్కాలి, అందువల్ల సామాను గదిలోనే ఉంచి వట్టి సైకిళ్లతో వెళ్లి రావాలి.

అనంతగిరి నుంచి సుంకరిమెట్ట దాకా ఉన్న భాగమే ఈ ఘాటులో నాకు అన్నిటికన్నా ఇష్టం. నిటారైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని అల్లుకున్న మిరియాల తీగెలు, వాటి నీడలో నడుమెత్తు కాఫీ మొక్కలు రోడ్డును ఆనుకునే ఉంటాయి. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా కాఫీ ఇదే. మీరు వెళ్లే జనవరిలో పండ్లు కోతకు వస్తాయి, ఇళ్ల ముందు పరదాల మీద గింజలు ఆరబోసి ఉంటాయి. పై తొక్క తీసిన గింజ మీద ఇంకా పలచని తెల్లని పొర ఉంటుంది, దగ్గరికి వెళితే పులిసిన తీపి వాసన వేస్తుంది తప్ప మనం ఎరిగిన కాఫీ వాసన ఏ కోశానా ఉండదు. అక్కడొక టీ కొట్టు యజమాని నా సైకిలును ముందునుంచి వెనక దాకా చూసి, "ఏటి బాబూ, ఇంజను నేదేటి దీనికి? కాళ్లతోనే తొక్కుకొచ్చీసేవా?" అని అడిగి, అడగకుండానే గ్లాసులో మరికాస్త టీ పోశాడు. ఆ మర్యాద సైకిలుకు చెందినదే, కారు దిగినవారికి దొరకగా నేను చూడలేదు.

అరకు పట్టణం గురించి ఎక్కువ చెప్పను. శని ఆదివారాల్లోనూ, సంక్రాంతి వారంలోనూ అక్కడ రోడ్డు నిండా కార్లు, బొంగులో చికెన్ బళ్ల ముందు గుంపులు ఉంటాయి. ఒక పూట గిరిజన మ్యూజియం చూసి, తిని, పడుకుని ముందుకు సాగండి. మీకు వెసులుబాటు ఉంటే పండుగ వారాన్ని తప్పించి, సోమవారం నుంచి శుక్రవారం లోపల కొండ మీద ఉండేలా ప్రయాణం కుదుర్చుకోండి. నవంబరు, డిసెంబరు మొదట్లో వచ్చేవారికి పొలాల్లో పసుపుపచ్చని వలిసెపూలు కూడా కనిపిస్తాయి. అక్టోబరును మాత్రం నేను సిఫారసు చేయను. 2014లో హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినది అక్టోబరు 12న, బంగాళాఖాతంలో తుపానులకు అది అదను.

అసలైన సైకిలు దారి అరకు దాటాకనే వస్తుంది. డుంబ్రిగుడ దగ్గరి చాపరాయి వద్ద వెడల్పాటి రాతిపలకల మీదుగా నీరు జారుతుంటుంది. తడిరాయి మహా జారుడు, సైకిలు బూట్లతో దాని మీద అడుగు పెట్టకండి. అక్కడినుంచి పాడేరు దాకా, అంటే అరకు నుంచి సుమారు 45 కిలోమీటర్ల మేర, చిన్న చిన్న ఎక్కుడు దిగుళ్లు, రెండు పక్కలా మెట్లు మెట్లుగా పొలాలు, తలమీద మూటలతో వారపు సంతకు నడిచిపోయే ఆడవాళ్లు కనిపిస్తారు. సంత ఎదురైతే తప్పక ఆగండి. పసుపు, అల్లం, పిప్పళ్లు, చీపుర్లు కుప్పలు పోసి ఉంటాయి. ఫొటో తీసే ముందు మాత్రం అడిగి తీయండి. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాకు పాడేరే కేంద్రం. అందువల్ల బస, భోజనం, మందుల దుకాణం, ఏటీఎం అన్నీ ఉంటాయి. దగ్గర్లోని వంజంగి కొండ మీదినుంచి తెల్లవారుజామున మేఘాలు కిందుగా పరుచుకుని కనిపిస్తాయి, దానికి మాత్రం జీపు మాట్లాడుకోవడమే సుఖం.

పాడేరు నుంచి జి.మాడుగుల మీదుగా లంబసింగికి వెళ్లే దారిలో ఊళ్లు పలచబడతాయి, ఫోను సిగ్నలు వస్తూ పోతూ ఉంటుంది. నీళ్లు, అరటిపళ్లు, రెండేసి ట్యూబులు, పంక్చరు సామగ్రి పాడేరులోనే సరిచూసుకోండి, చీకటి పడ్డాక తొక్కకండి. ఈ కొండ మీద పోయే 516ఈ జాతీయ రహదారి వెడల్పు పనుల వల్ల అక్కడక్కడ కంకర తగులుతుంది. అందుచేత 25 మిల్లీమీటర్ల సన్నని టైర్లు వద్దు, మీ ఫ్రేములో పట్టినంతవరకు 28 గాని 32 గాని వేయించండి. వెనక చక్రానికి క్యాసెట్టులో, అంటే గేర్ల పళ్లచక్రాల గుత్తిలో, అన్నిటికన్నా పెద్దది 32 పళ్లది ఉంటే, సామాను బరువుతో కూడా ఘాటులో మోకాళ్లు నొప్పెట్టవు.

లంబసింగిలో మంచు కురుస్తుందనే మాట నమ్మి వెళ్లేవారు చాలామంది ఉన్నారు. కురిసేది దట్టమైన పొగమంచు, చలి మాత్రం నిజమైన చలే. చేతులకు తొడుగులు, మెడకు మఫ్లరు, సైకిలు వెనక ఎర్రలైటు తప్పనిసరి. తెల్లవారగానే ఘాటు దిగకండి, పొగమంచు విడిచి ఎండ రోడ్డు మీద పడేదాకా స్ట్రాబెర్రీ తోటల దగ్గర కాలక్షేపం చేయండి. వ్యవధి ఉంటే సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని చింతపల్లి వెళ్లి రావచ్చు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం ఆయుధాల కోసం మొదట ముట్టడించినది అక్కడి పోలీసు స్టేషనునే. ఆ దళం మరునాటికి కృష్ణదేవిపేట, ఆ మరునాటికి రాజవొమ్మంగి ఎలా చేరిందోనని, ఆ ఎత్తుపల్లాలను కాళ్లతో ఎరిగినవారికి ఆశ్చర్యం కలగక మానదు.

నర్సీపట్నం వైపు దిగేటప్పుడు మలుపులు ఇరుకుగా, అడవి మధ్యగా ఉంటాయి. బ్రేకు ఎడతెగకుండా పట్టి ఉంచితే రిమ్ము వేడెక్కుతుంది గనుక మలుపుకు ముందు గట్టిగా పట్టి, మలుపులో వదిలేయండి. ఎదురుగా బస్సు హారను వినబడితే ఎడమ అంచున పూర్తిగా ఆగిపోవడమే క్షేమం. మీ నలుగురిలో ఎవరికైనా కొండ ఎక్కడం వద్దనిపిస్తే, ఇదంతా మాని ధవళేశ్వరం నుంచి కోనసీమ కాలువ గట్ల వెంట తొక్కండి, ఒక్క ఎక్కుడు కూడా ఉండదు, అది వేరే రకం అందం. నర్సీపట్నం చేరాక తుని గాని అనకాపల్లి గాని వెళ్లి రైలు పట్టుకోవచ్చు. సైకిలును పార్సిలు కార్యాలయంలో బుక్ చేసి బ్రేక్ వ్యానులో, అంటే రైలుకుండే సామాను పెట్టెలో, వేయించాలి, చిన్న స్టేషనులో బండి ఆగేది ఒకటి రెండు నిమిషాలే గనుక ఎక్కువసేపు ఆగే స్టేషను చూసుకుని, రైలుకు రెండు మూడు గంటల ముందే అక్కడ ఉండండి. గేరు మార్చే భాగానికి అట్టముక్కలు చుట్టి కట్టడం మరవకండి.