అన్నం పొట్లంలో కరపత్రం పెట్టడం మేం ఎందుకు మానేశాం

"ఆదివారం ఆరాధనకు వెళ్తున్నాను, కానుక వేస్తున్నాను. అయినా నా విశ్వాసం చర్చి గడప దాటడం లేదనిపిస్తోంది. సేవ ఎక్కడ మొదలుపెట్టాలి?" అని హైదరాబాదు నుంచి మీరు అడిగారు. మాది ఒంగోలు, బాప్టిస్టు కుటుంబం. నేను చూసినదీ, చేసిన పొరపాటూ చెప్తాను.

మా అమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి పక్కనున్న డబ్బాలో వేసేది. ఇంట్లో బియ్యం నిండుకునే రోజుల్లో కూడా మానలేదు. నెలాఖరుకు స్త్రీల సమాజంలోని అందరి డబ్బాలూ చర్చిలో ఒకే గోతంలోకి చేరేవి. ఆ బియ్యం ఎవరింటికి వెళ్లేదో పిల్లలమైన మాకు ఎప్పుడూ తెలియనివ్వలేదు. తీసుకున్నవాళ్ల పిల్లలు మాతోనే బడికి వచ్చేవాళ్లు, అందుకని.

పదేళ్ల కిందట మేం కొందరం కలిసి శనివారాలు సర్కారు ఆసుపత్రి దగ్గర సాంబారన్నం పొట్లాలు పంచడం మొదలుపెట్టాం. రోగులకు కాదు, వాళ్ల వెంట వచ్చి వరండాలో పడుకునేవాళ్లకు. ప్రతి పొట్లంతో పాటు ఒక సువార్త కరపత్రం. అందులో తప్పుందని నాకు అప్పుడు తోచలేదు. ఒక రోజు కనిగిరి వైపు నుంచి వచ్చిన ఒకావిడ కరపత్రం చూసి, "ఇది తింటే మీ గుడికి రావాలా అమ్మా?" అని అడిగింది. అక్కర్లేదు, తినండి అన్నాను. పొట్లం తీసుకుంది గానీ విప్పలేదు. నేను అక్కడున్నంతసేపూ ఒళ్లో పెట్టుకునే కూర్చుంది.

ఇంటికొచ్చి అమ్మకు చెప్తే, "ఆకలి మీద ఉన్నోళ్లని ఏమడిగినా ఊఁ అంటారే. క్లౌ దొర ఊరికే ఆపాడా?" అంది.

ఆ కథ మా ప్రాంతంలో పాతవాళ్లకు బాగా తెలుసు. 1876–78లో ధాత కరువు వచ్చినప్పుడు ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని, జనానికి పని, కూలి దొరికేలా చేశాడు. వేలమంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. కూటి కోసం అడుగుతున్నారో, నమ్మి అడుగుతున్నారో ఆ సమయంలో ఎవరు చెప్పగలరు? అందుకే కరువు సాయం నడిచినంతకాలం ఆయన బాప్తిస్మం ఇవ్వలేదు. సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. చాలామంది ఆ అంకెనే గుర్తు పెట్టుకుంటారు. నాకు మాత్రం దానికి ముందు ఆయన ఆగిన నెలలే పెద్దవిగా కనిపిస్తాయి.

అమ్మ ఆ మాట అన్న తర్వాతి వారం నుంచి కరపత్రాలు మానేశాం, ఫొటోలు తీయడమూ మానేశాం. మా సంఘంలో కొందరికి ఇది నచ్చలేదు, "సువార్త లేని సేవేంటి?" అన్నారు. నేను మత్తయి సువార్త 25వ అధ్యాయం మళ్లీ చదివాను. ఆకలిగొన్నవాడికి అన్నం, దాహంగా ఉన్నవాడికి నీళ్లు, రోగిని చూడటానికి వెళ్లడం. ప్రభువు అక్కడ లెక్కలోకి తీసుకున్నవి ఇవే. పెట్టినవాళ్లకు తాము ఎవరికి పెట్టామో కూడా తెలియదు.

చేతిలో కాగితం లేకపోయేసరికి మనుషులతో మాట్లాడటం మొదలైంది. అప్పుడు తెలిసింది, అన్నం కంటే ఎక్కువగా వాళ్లకు వేరేవి కావాలని. ఓపీ చీటీ రాసిపెట్టడం, రక్తపరీక్ష రిపోర్టు ఏ గదిలో ఇస్తారో చూపించడం, బాలింతకు వేడినీళ్లు, ఫోన్ ఛార్జింగ్, తోడున్న మనిషి స్నానానికి వెళ్లొచ్చేదాకా రోగి మంచం దగ్గర ఎవరో ఒకరు కూర్చోవడం. ప్రార్థన చేయమని వాళ్లే అడిగితే చేస్తాం. ఎందుకిలా వస్తున్నారని అడిగితే యేసు ప్రభువును నమ్మాం కాబట్టి అని దాచకుండా చెప్తాం. అడగకపోతే చెప్పం.

మీరు హైదరాబాదులో ఉంటున్నానన్నారు. డబ్బు పోగయ్యాక, పదిమంది కూడాక చేద్దామని ఆగకండి. నెలకొక్కసారైనా సరే, వస్తానన్న రోజు మాత్రం తప్పకండి; మీ కోసం ఎదురుచూసేవాళ్లు ఉంటారు. గాంధీ, ఉస్మానియా లాంటి పెద్దాసుపత్రుల దగ్గర రోగుల వెంట వచ్చినవాళ్లు చెట్ల కింద చాపలు పరుచుకుని ఉంటారు చూడండి. ఈ శనివారం ఒక ఫ్లాస్కు వేడినీళ్లతో వెళ్లి, ముందు వాళ్ల పక్కన కాసేపు కూర్చోండి. ఇంకేం కావాలో వాళ్లే చెప్తారు.