సీ టైప్ పిన్ను ఉంటే వేగం ఉన్నట్టు కాదు

కంప్యూటర్ కేబుళ్ల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: కొత్తగా ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీ (బయట తగిలించే స్టోరేజీ డ్రైవు) కొన్నాను. డబ్బా మీద సెకనుకు 1,000 మెగాబైట్లు అని ఉంది. పెళ్లి వీడియోలు 100 జీబీ ఎక్కిస్తే ముప్పావు గంట పట్టింది. దాంతో వచ్చిన కేబుల్ మరీ పొట్టిగా ఉందని ఫోన్ ఛార్జర్ సీ టైప్ కేబుల్ పెట్టాను. డ్రైవు వెనక్కి ఇచ్చేయాలా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఇవ్వకండి. డ్రైవు తప్పేమీ లేదు. తప్పు ఎక్కడుందో ఆ ముప్పావు గంటే పట్టిస్తోంది. పాత రకం యూఎస్‌బీ 2.0 వేగం సెకనుకు 480 మెగాబిట్లు (ఎనిమిది బిట్లు ఒక బైటు). వాడకంలో సెకనుకు 35 నుంచి 40 మెగాబైట్లకు మించి రాదు. ఆ లెక్కన 100 జీబీకి 42 నుంచి 48 నిమిషాలు పడుతుంది. ఫోన్‌తో వచ్చే ఛార్జింగ్ కేబుళ్లలో చాలావరకు ఈ 2.0 రకమే. ఐఫోన్ 15 ప్రో 10 గిగాబిట్ల వేగాన్ని అందుకోగలదు, అయినా దాని డబ్బాలో వచ్చే కేబుల్ 2.0దే.

సీ టైప్ పిన్నులోకి తొంగి చూస్తే లోపలి అంచులకు పైన 12, కింద 12, మొత్తం 24 కాంటాక్టులకు చోటుంటుంది. ఛార్జింగ్ కేబుల్‌లో కరెంటు తీగలు, డేటాకు ఒక జత, ఛార్జర్‌తో మాట్లాడుకోవడానికి ఇంకో తీగ మాత్రమే ఉంటాయి. పెద్ద వేగానికి కావలసిన మరో నాలుగు జతలు అందులో అసలు వేయరు. బయటికి మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి. వేగం కేబుల్ కాస్త లావుగా, బిరుసుగా ఉంటుంది. అది గుర్తు మాత్రమే, రుజువు కాదు.

ముందు డ్రైవుతో వచ్చిన పొట్టి కేబులే పెట్టి అవే వీడియోలు మళ్లీ ఎక్కించండి. కంప్యూటర్ పోర్టు కూడా 10 గిగాబిట్లదైతే రెండు నిమిషాల్లోపే అయిపోవాలి. మ్యాక్‌లో అయితే ‘సిస్టమ్ ఇన్ఫర్మేషన్’లో యూఎస్‌బీ కింద డ్రైవు ఏ వేగంతో కలిసిందో రాసి ఉంటుంది.

కొత్తది కొనాలంటే ప్యాకెట్ మీద ‘10 జీబీపీఎస్’ (సెకనుకు 10 గిగాబిట్లు) అన్న అంకె కోసం వెతకండి. 3.0, 3.1 జెన్ 1, 3.2 జెన్ 1 అని మూడు పేర్లున్నా మూడూ 5 గిగాబిట్లవే. అందుకే ‘యూఎస్‌బీ 3.2’ అని మాత్రమే రాసి అంకె వేయని కేబుల్ కొనవద్దని గట్టిగా చెబుతున్నాం. పొడవు కూడా అంతే ముఖ్యం. లోపల చిప్‌తో సిగ్నల్‌ను పెంచని మామూలు సీ టైప్ కేబుల్‌లో 5 గిగాబిట్లకు 2 మీటర్లు, 10కి 1 మీటరు, 40కి 80 సెంటీమీటర్లు దాటకుండా చూసుకోండి. తీగ పెరిగేకొద్దీ సిగ్నల్ నీరసపడుతుంది. వేగం పడిపోతుంది, లేదా కాపీ మధ్యలో డ్రైవు ఊడిపోతుంది. రెండోదే ప్రమాదం, ఫైళ్లు పాడవుతాయి. ‘3 మీటర్లు, 40 జీబీపీఎస్’ అని చవగ్గా దొరికేదాన్ని నమ్మకండి.

పాత పద్ధతి దీర్ఘచతురస్రపు ఏ టైప్ పిన్ను వాడేవాళ్లకు ఒక మాట. అందులో 2.0 కాంటాక్టులు నాలుగు ముందు, 3.0వి ఐదు వెనక ఉంటాయి. మెల్లగా తోస్తే ముందువి ముందే తగిలి, కంప్యూటర్ దాన్ని 2.0గానే గుర్తించే అవకాశముంది. తీసి, ఒక్క ఊపులో లోపలికంటా గుచ్చండి.

ప్రశ్న: 240 వాట్ల కేబుల్ కొంటే డేటా కూడా వేగంగా వెళ్తుందా?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: వెళ్లదు. వాట్లు కరెంటు లెక్క, గిగాబిట్లు డేటా లెక్క. 240 వాట్లని రాసి డేటా 480 మెగాబిట్లే ఉన్న కేబుళ్లు బజారులో బోలెడు. ల్యాప్‌టాప్ ఛార్జింగ్, డ్రైవు రెండింటికీ ఒకే కేబుల్ కావాలంటే ప్యాకెట్ మీద రెండు అంకెలూ ఉండాలి. 60 వాట్లు దాటాలంటే కేబుల్ పిన్నులో, అది ఎంత కరెంటు మోయగలదో ఛార్జర్‌కు చెప్పే ‘ఈ-మార్కర్’ చిప్ ఉండి తీరాలి. అది లేకపోతే ఎంత పెద్ద ఛార్జర్ పెట్టినా 3 ఆంపియర్ల దగ్గరే ఆగుతుంది.

ప్రశ్న: మాది 300 ఎంబీపీఎస్ ప్లాన్. రౌటర్ దగ్గర వైఫైలో 250 దాకా వస్తోంది. గోడలోంచి వచ్చే లాన్ కేబుల్ ల్యాప్‌టాప్‌కి పెడితే 94 దాటదు. కంపెనీవాళ్లు లైన్ బాగుందంటున్నారు.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వాళ్లన్నది నిజమే కావచ్చు. 94 దగ్గర గోడ కట్టినట్టు ఆగిందంటే కేబుల్ 100 మెగాబిట్ల వేగంతో కలిసిందన్నమాట. విండోస్‌లో సెట్టింగ్స్, నెట్‌వర్క్, ఈథర్‌నెట్ తెరిచి లింక్ స్పీడ్ చూడండి. 1000/1000 ఉండాల్సింది 100/100 కనిపిస్తుంది.

లాన్ కేబుల్‌లో నాలుగు జతలు ఉంటాయి. 100 మెగాబిట్లకు ఆరెంజ్, ఆకుపచ్చ జతలు చాలు. గిగాబిట్‌కు నాలుగూ కావాలి. నీలం, బ్రౌన్ తీగల్లో ఒక్కటి తగలకపోయినా నెట్ ఆగదు, వేగం మాత్రం పడిపోతుంది. అందుకే ఈ లోపం ఏళ్ల తరబడి ఎవరి కంటా పడదు.

రెండు చివర్ల ప్లాస్టిక్ కనెక్టర్లను వెలుతురులో పట్టి ముందునుంచి చూడండి. ఎనిమిది రాగి చుక్కలూ అంచుదాకా వచ్చి ఉండాలి. క్లిప్పు కిందికి చేసి, తీగ మీవైపు, ఇత్తడి పళ్లు అవతలి వైపు ఉండేలా పెట్టుకుంటే ఎడమనుంచి వరుస ఇది: ఆరెంజ్-తెలుపు, ఆరెంజ్, ఆకుపచ్చ-తెలుపు, నీలం, నీలం-తెలుపు, ఆకుపచ్చ, బ్రౌన్-తెలుపు, బ్రౌన్. ఒక్క తీగ వెనకబడినా రెండు మూడు సెంటీమీటర్లు కత్తిరించి కొత్త కనెక్టర్ క్రింప్ చేయించండి (పనిముట్టుతో నొక్కి బిగించడం). జతల మెలికను 13 మిల్లీమీటర్లకు మించి విప్పనివ్వకండి. ఆ మెలికే పక్క జత సిగ్నల్ ఇందులోకి చొరబడకుండా కాపాడుతుంది. లైట్లు వెలిగే చిన్న టెస్టర్ తీగ తెగిందో లేదో చెబుతుంది, వేగం చెప్పదు.

కనెక్టర్లు మార్చినా అంతే ఉంటే తీగనే అనుమానించాలి. ఒక తీగను బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా మెరిస్తే అది అల్యూమినియం మీద రాగి పూత. రెండుమూడుసార్లు వంచితే విరుగుతుంది. సీసీటీవీ కెమెరాకు అదే కేబుల్‌లో కరెంటు పంపితే వేడెక్కుతుంది. గోడలో వేయడానికి అసలే పనికిరాదు. చుట్ట మీద ‘సీసీఏ’ అని ఉంటే వదిలేసి, పూర్తి రాగి క్యాట్ 6 రకం లాన్ కేబుల్ అడగండి. ఇంటికి అది ధారాళంగా చాలు. 55 మీటర్ల వరకు 10 గిగాబిట్లు కూడా లాగుతుంది. క్యాట్ 8 అని అమ్మే చదును కేబుళ్లకు డబ్బు పోయనక్కర్లేదు.

స్మార్ట్ టీవీలో 94 వస్తే మాత్రం కంగారు పడకండి. చాలా టీవీల లాన్ పోర్టు వేగమే 100.

ప్రశ్న: హార్డ్ డిస్క్ పెట్టగానే వైర్‌లెస్ మౌస్ తడబడుతోంది.
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: యూఎస్‌బీ 3.0 పోర్టులు, కేబుళ్లు పనిచేసేటప్పుడు వెలువడే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ మీద పడుతుంది. మౌస్ రిసీవర్‌ది కూడా అదే బ్యాండ్. దీని మీద ఇంటెల్ 2012లోనే ఒక పత్రం విడుదల చేసింది. రిసీవర్‌ను హార్డ్ డిస్క్ పక్క పోర్టులోంచి తీసి అవతలి వైపు పెట్టండి. చాలకపోతే అర మీటరు యూఎస్‌బీ 2.0 ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో రిసీవర్‌ను మౌస్ దగ్గరికి తెచ్చుకోండి. అప్పటికీ ఆగకపోతే హార్డ్ డిస్క్ కేబుల్ మార్చండి, దానికి షీల్డింగ్ (రొద బయటికి రాకుండా ఆపే లోహపు తొడుగు) సరిగా ఉండకపోవచ్చు.