జిగ్ (ఉలిని ఒకే కోణంలో పట్టి ఉంచే పరికరం) లేకుండా ఉలికి చేత్తో సాన పట్టడం ఎలా?
జిగ్ అక్కర్లేదు, ఉలికి ఉన్న ఏటవాలే మీకు కొలత. సాధారణంగా అది 25 డిగ్రీల దగ్గర ఉంటుంది. మొదట ఉలి వెనకవైపు (వాలు లేని వైపు) చదును చేయండి, లేకపోతే ఎంత సాన పట్టినా దండగే. తర్వాత తడిపిన 1000 గ్రిట్ (గరుకును చెప్పే అంకె, పెరిగే కొద్దీ రాయి నునుపు) రాయి మీద వాలు పూర్తిగా ఆనేలా పెట్టి, అంచు దగ్గర వేళ్లతో నొక్కండి. మణికట్లు బిగించి, ఒంటితో ఊగుతూ రుద్దాలి. చేతులొక్కటే ఆడిస్తే వాలు గుండ్రంగా అరిగిపోతుంది. కొత్తవాళ్ల తిప్పలన్నీ ఇక్కడే! వెనకవైపు అంచు పొడవునా సన్నని గరుకు వేలికి తగిలితే ఆ రాయి పని అయినట్టే. (వేలిని అంచు నుంచి బయటికి జరపండి, అంచు వెంబడి కాదు.) 6000 రాయి మీద వాలుకు మెరుగు పెట్టి, వెనకవైపు చదునుగా రుద్దితే గరుకు పోతుంది. విశాఖ ఉప్పుగాలికి తుప్పు త్వరగా పడుతుంది కాబట్టి తుడిచి కుట్టుమిషన్ నూనె రాయండి.