ఏళ్ల తరబడి వాడుకునే సైకిల్: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: మా ఇల్లు బోడుప్పల్‌లో, ఉద్యోగం తార్నాకలో. రానూపోనూ రోజుకు పదిహేను కిలోమీటర్ల పైమాటే. ఆఫీసుకు, కూరగాయలకు, ఆదివారాలు కాస్త దూరం తిరిగి రావడానికి అన్నిటికీ ఒకే సైకిల్ కొనాలనుకుంటున్నాను. ముందు చక్రానికి సస్పెన్షన్ (కుదుపులు తగ్గించే స్ప్రింగు), ఇరవై ఒక్క గేర్లు, డిస్క్ బ్రేకులు ఉన్నది చూపించి, పదేళ్లు ఢోకా లేదని దుకాణంలో చెబుతున్నారు. ఇటువంటి సైకిల్‌ను చాలాకాలం వాడినవారుగా మీ సలహా ఏమిటి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: పదేళ్లు నిలవగలిగేది ప్రధానంగా ఫ్రేము. టైర్లు, చైను, ఫ్రీవీలు (వెనుక చక్రానికి ఉండే పళ్లచక్రాలు), బ్రేకు రబ్బర్లు, కేబుళ్లు వాడకాన్ని బట్టి అరిగిపోయేవి, మార్చుకోక తప్పనివి. కాబట్టి ఏ భాగం పోయినా మీ పేటలోని షాపులో దొరుకుతుందా లేదా అన్న సంగతి ముందు తేల్చుకోండి.

నేను చాలా ఏళ్లుగా వాడుతున్నది సస్పెన్షన్ లేని, 38 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లున్న హైబ్రిడ్ (రోడ్డు సైకిల్‌కూ, మౌంటెన్ బైకుకూ మధ్యరకం) సైకిల్. తక్కువ ధర సైకిళ్లకు బిగించే స్ప్రింగు ఫోర్కు కిలోకు పైగా అదనపు బరువు మోయిస్తుంది. కొన్ని వానాకాలాలు గడిచేసరికి లోపల తుప్పు పట్టి బిగుసుకుపోతే, దాన్ని విప్పి బాగుచేసే ఓపిక ఏ మెకానిక్కుకూ ఉండదు. గతుకుల బాధ తగ్గించే పని వెడల్పాటి టైరుకు, అందులో ఉండే గాలికి వదిలేయడం మేలు. ఆ వెడల్పు టైరుకు 50 నుంచి 60 పీఎస్‌ఐ గాలి పీడనం సరిపోతుంది. ట్యూబుకు మోటారు సైకిల్ తరహా వాల్వు ఉంటే ఏ పంచర్ షాపులోనైనా గాలి కొట్టించుకోవచ్చు. సన్నటి ప్రెస్టా వాల్వు ఉంటే చిన్న ఇత్తడి అడాప్టరు దగ్గర ఉంచుకోవాలి.

హైదరాబాద్ ఎత్తుపల్లాల ఊరు కనుక గేర్లు అవసరమే, అయితే ఇరవై ఒక్కటి ఉన్నా రోజూ వాడేవి నాలుగైదుకు మించవు. వెనుక ఏడో ఎనిమిదో పళ్లచక్రాలు చాలు. వెనుక ఆరు, ఏడు, ఎనిమిది పళ్లచక్రాలున్న సైకిళ్లకు ఒకే వెడల్పు చైను పనికివస్తుంది కాబట్టి అది చవకగానూ, సులువుగానూ దొరుకుతుంది. ఖర్చు తగ్గించుకోవాలంటే కన్నేసి ఉంచవలసింది ఆ చైను మీదే. చైనులో పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం అర అంగుళం. అంటే 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు ఉండాలి. ఉక్కు స్కేలు పెట్టి కొలిచినప్పుడు ఆ పొడవు అంగుళంలో పదహారో వంతు పెరిగిందంటే చైను మార్చేయాలి. ఎనిమిదో వంతు దాకా సాగనిస్తే అది ఫ్రీవీలు పళ్లను కూడా అరగదీస్తుంది, అప్పుడు రెండూ కొనవలసి వస్తుంది. కొబ్బరినూనె, వాడేసిన ఇంజిన్ ఆయిల్ చైనుకు పూయకండి. మొదటిది జిగురుగా మారుతుంది, రెండోదానిలో లోహపు నలుసులు ఉంటాయి. వాటర్ సర్వీసింగ్ వారి చేతికి సైకిల్ అప్పగించడం ఇంకా హానికరం, ఎందుకంటే ఆ ధాటికి నీరు బేరింగుల్లోకి చేరి గ్రీజును కడిగేస్తుంది.

వానలో డిస్క్ బ్రేకులే బాగా పట్టుకుంటాయన్నది నిజం. అయినా రబ్బర్లు ఎక్కడైనా దొరుకుతాయన్న ఒక్క కారణంతో నేను వీ-బ్రేకుల (రిమ్మును రెండు వైపులా రబ్బర్లతో నొక్కి ఆపేవి) వైపే మొగ్గుతాను. రిమ్ము అంచు మీద గాడి ఉంటే, అది అరిగి కనబడకుండా పోయిన రోజున రిమ్ము మార్చాలి.

అన్నిటికన్నా ముందు చూడవలసినది, ఫ్రేముకు మడ్‌గార్డులు, క్యారియర్ బిగించే రంధ్రాలు ఉన్నాయా అని. అవి లేని సైకిల్ ఎంత ఖరీదైనదైనా మీ బహుళ అవసరాలకు పనికిరాదు. ఏప్రిల్ ఎండలో వీపున సంచి మోయడం శిక్ష. క్యారియర్‌కు రెండు వైపులా వేలాడే సంచులు హాయి. కూరగాయల బరువు పడేది వెనుక చక్రం మీదే కనుక దానికి 36 పుల్లలుంటే మంచిది. ఇక ఆదివారాలకు, 2023లో అవుటర్ రింగ్ రోడ్డు పక్కన ప్రారంభమైన 23 కిలోమీటర్ల సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్ బాగుంటుంది. మీ తార్నాక దారికి మాత్రం అటువంటి భాగ్యం లేదు.

ప్రశ్న: మా నాన్నగారి పాత రాడ్ బ్రేకుల సైకిల్ ఇంట్లో పడి ఉంది. కొత్తది కొనే బదులు దాన్నే బాగు చేయించవచ్చా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: దారి చదునుగా, నాలుగైదు కిలోమీటర్లలోపు ఉంటే నిస్సందేహంగా చేయించండి. బేరింగు గోటీలు, కోన్లు మార్పించి ఓవరాలింగ్ చేయిస్తే చాలు. తడిసిన ఉక్కు రిమ్ముల మీద రాడ్ బ్రేకులు జారతాయి, వానలో నెమ్మదిగా వెళ్లాలి. టైరు కొనేటప్పుడు పక్కన ముద్రించిన సైజు చూసుకోండి. పాత సైకిల్‌కు కావలసిన 28 × 1½ టైరునూ, కొత్త హైబ్రిడ్‌ల 700 టైరునూ షాపుల్లో ఇరవై ఎనిమిది అంగుళాలనే అంటారు. కానీ మొదటిదానికి రిమ్ము వ్యాసం 635 మిల్లీమీటర్లు, రెండోదానికి 622. ఒకదాని టైరు మరొకదానికి ఎక్కదు.